కొట్టులో సరుకెంత, చేతిలో రొక్కమెంత

నిల్వ పక్షం: చిల్లర కొట్టుకు అన్నిటికన్నా ఖరీదైన మాట "లేదు" అన్నది. కిలో కందిపప్పుకు వచ్చిన మనిషితో పప్పు లేదంటే పోయేది దాని మీద మిగిలే ఐదారు రూపాయలు మాత్రమే కాదు. ఆ మనిషి చేతిలో చీటీ ఉంటుంది. అందులో పప్పుతో పాటు చింతపండు, నూనె, సబ్బులు, అగరొత్తులు రాసి ఉంటాయి. ఒక్క వస్తువు దొరక్కపోతే చీటీ మొత్తం పక్క కొట్టుకు పోతుంది. ఇలా రెండుసార్లు జరిగితే మనిషే పోతాడు. అందుకే ఎంత సరుకు తెప్పించాలన్నదానికి మొదటి జవాబు ఇది: అనుకున్న గిరాకీ కన్నా ఎప్పుడూ కొంత ఎక్కువ.

రొక్కం పక్షం: వెనక్కి తిరిగిపోయిన గిరాకీ కళ్ళకు కనబడుతుంది, రాత్రి పడుకున్నాక కూడా గుర్తొస్తుంది. అలమరలో కూర్చున్న డబ్బు అలా కనబడదు. అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడికి నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుంటే ఏడాదికి 24 శాతం. వంద రూపాయల సరుకు మీద పది మిగిలేచోట, అది ఐదు నెలలు కదలకపోతే ఆ పదీ వడ్డీకే సరి. ఆరో నెల నుంచి ఆ సరుకు కొట్టువాడి జేబులోంచే తింటుంది. దానికి తోడు వర్షాకాలంలో పప్పుకు పురుగు, బెల్లానికి చెమ్మ, బస్తాకు ఎలుక, బిస్కెట్టుకు ఎక్స్‌పైరీ. "లేదు" అన్న మాటకు ఖరీదు ఉన్నట్టే "ఉంది, కానీ కదలడం లేదు" అన్నదానికీ ఉంది. మొదటిది ఒక్క రోజు నొప్పి. రెండోది రోజూ కాస్తకాస్తగా పోయే నెత్తురు.

నిల్వ పక్షం: వడ్డీ లెక్క కాదనలేనిది. అయితే సరుకు తెచ్చే ఖర్చును చాలామంది లెక్కలో రాయరు. విజయవాడ సింగ్‌నగర్‌లోనో పటమటలోనో కొట్టు పెట్టుకున్న మనిషి గొల్లపూడిలోని మహాత్మాగాంధీ హోల్‌సేల్ కాంప్లెక్స్‌కు వెళ్ళి రావాలంటే సగం పూట పోతుంది. ఆ సగం పూట కొట్టు మూయాలి, లేదా ఇంట్లోవాళ్ళను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాలి. హమాలీ కూలి, ట్రాలీ ఆటో కిరాయి వేరు. వడ్డీకి భయపడి వారానికి రెండుసార్లు తిరిగేవాడు వడ్డీ మిగుల్చుకుని కిరాయిలో పోగొట్టుకుంటాడు.

రొక్కం పక్షం: ఈ రెండు ఖర్చులనూ ఒకే తక్కెడలో తూచే సూత్రం నూరేళ్ళకు పైగా ఉంది. 1913లో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఫ్యాక్టరీల కోసం రాశాడు గానీ కిరాణా కొట్టుకూ అది అంతే పనికొస్తుంది. ఏడాది అమ్మకాన్ని ఒకసారి సరుకు తెచ్చే ఖర్చుతో హెచ్చవేసి, దాన్ని రెట్టింపు చేసి, ఒక కిలోను ఏడాది పాటు ఉంచితే అయ్యే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి.

కందిపప్పుతో చూస్తే సంగతి తేలుతుంది. కొట్టు నెలకు 100 కిలోలు, ఏడాదికి 1,200 కిలోలు అమ్ముతుందనుకుందాం. కిలో కొన్న ధర 120 రూపాయలు. రెండు రూపాయల వడ్డీన కిలోను ఏడాది ఉంచితే 28 రూపాయల 80 పైసలు. గొల్లపూడి ప్రయాణానికి 300. లెక్క వేస్తే 158 కిలోలు వస్తుంది, అంటే దాదాపు మూడు బస్తాలు, నెలన్నర సరుకు. ఇది నిల్వ పక్షానికి అనుకూలంగానే కనిపిస్తుంది. కానీ ఎవరూ పప్పు ఒక్కదాని కోసం గొల్లపూడి పోరు. అదే ఆటోలో పది రకాలు వస్తే పప్పు వంతు కిరాయి 30 రూపాయలే. అప్పుడు లెక్క 50 కిలోల దగ్గర ఆగుతుంది. ఒక్క బస్తా, పదిహేను రోజులు. ఇక సబ్బులు, బిస్కెట్లు అయితే డిస్ట్రిబ్యూటరు మనిషి వారం వారం కొట్టు దగ్గరికే వచ్చి ఆర్డరు రాసుకుంటాడు, బండి కూడా వాళ్ళదే. తెచ్చే ఖర్చు దాదాపు సున్నా అయినచోట నెల సరుకు ఒకేసారి దింపించుకోవడానికి కారణమే లేదు.

నిల్వ పక్షం: ఆ సూత్రంలో దాగిన మరో సంగతి కూడా చెప్పాలి. అది వర్గమూలం. అమ్మకం నాలుగింతలైతే ఆర్డరు రెండింతలే అవుతుంది. వెనక్కి తిప్పితే, అమ్మకం పావు వంతుకు పడిపోయినా ఆర్డరు సగానికే తగ్గాలి. కొట్టు చిన్నదని అదే లెక్కన సరుకు కోసెయ్యడం తప్పని హారిస్ సూత్రమే చెబుతోంది.

అసలు లోటు వేరేచోట ఉంది. ఏడాది పొడుగునా గిరాకీ ఒకేలా ఉంటుందని ఆ సూత్రం నమ్ముతుంది. కృష్ణా డెల్టాలో ఏ వస్తువుకూ అలా ఉండదు. ఆవకాయ రోజుల్లో కారం, ఆవపిండి, నువ్వుల నూనె, రాళ్ళ ఉప్పు మూడు వారాల్లో అమ్ముడైనంత మిగతా ఏడాదిలో అమ్ముడుపోకపోవచ్చు. సంక్రాంతి ముందు బెల్లం, నువ్వులు. శ్రావణంలో పసుపు, కుంకుమ, శనగలు, జాకెట్టు గుడ్డలు. దసరాకు ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల కొట్లకు కొబ్బరికాయ, కర్పూరం. సగటు చూసి తెచ్చినవాడికి సీజనులో చాలదు, సీజను పోయాక మిగులుతుంది.

రొక్కం పక్షం: సీజను ఉందన్నది నిజం. అది ఎప్పుడొస్తుందో చాలా కొట్లు తప్పుగా చూస్తాయి. పోయిన ఏడాది ఆగస్టు బిల్లులు తీసి ఈ ఏడాది ఆగస్టుకు ఆర్డరు పెట్టడం మామూలు అలవాటు. 2023లో శ్రావణం అధికమాసంగా వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా పెళ్ళిళ్ళు లేవు, నోములు లేవు. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. 2024లో అదే వ్రతం ఆగస్టు 16న, 2025లో 8న. తేదీ చూసి సరుకు దింపినవాడు ఒక ఏడాది రెండు మూడు వారాలు ముందు, మరో ఏడాది వారానికి పైగా ఆలస్యం. పోయిన ఏడాది లెక్క ఉపయోగపడాలంటే తిథుల ప్రకారం రాసి ఉంచాలి. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో బట్టల కొట్టువాడికి తెలిసినంతగా కిరాణా కొట్టువాడికీ తెలియాలి, ఎందుకంటే పెళ్ళి లేని నెలలో నెయ్యి కూడా కదలదు.

నిల్వ పక్షం: పంచాంగం పక్కన పెట్టుకునే ఆర్డరు రాయాలి. ఇందులో వాదం లేదు.

రొక్కం పక్షం: ఒక్కసారే వచ్చే గిరాకీకి వేరే లెక్క ఉంది. దాని మూలం 1888లో ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్ బ్యాంకుల గురించి రాసిన వ్యాసం. డిపాజిటుదారులు ఎప్పుడొచ్చి అడుగుతారో తెలియనప్పుడు బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలన్నది ఆయన ప్రశ్న. సరుకు లెక్కగా నేడు చెప్పుకునేది మొదట రొక్కం లెక్కగానే పుట్టింది.

ఒక వస్తువు తక్కువపడితే పోయే లాభం ఎంత, మిగిలిపోతే వచ్చే నష్టం ఎంత, ఈ రెండే చూడాలి. పండక్కి పిల్లల గౌను వస్త్రలత బట్టల మార్కెట్లో 300కు కొని 450కి అమ్మితే 150 లాభం. పండగ దాటాక 220కి వదిలించుకోవాలంటే 80 నష్టం. 150ని రెండింటి మొత్తం 230తో భాగిస్తే 0.65. అంటే గిరాకీ మొత్తాన్నీ అందుకునే అవకాశం నూటికి 65 ఉండేంత సరుకు తేవాలి, సగటు కన్నా కాస్త పైన. పాల పాకెట్టుకు ఇదే లెక్క వేస్తే తలకిందులవుతుంది. 30 రూపాయలకు కొన్న పాకెట్టు మీద రూపాయిన్నర మిగులుతుందనుకుంటే, మిగిలినది విరిగిపోతే 30 పోతుంది. జవాబు నూటికి 5 లోపే. ఎంత ఖాయంగా పోతాయో అన్ని పాకెట్లే దింపించుకోవాలి.

నిల్వ పక్షం: కాగితం మీద లెక్క సరైనదే అయినా కొట్టు ముందు తప్పుతుంది. పొద్దున్నే ఆరింటికి పాలకు వచ్చినవాళ్ళు ఉత్త పాలు పట్టుకుపోరు. కాఫీపొడి, పంచదార, పిల్లాడి టిఫిను డబ్బాలోకి బిస్కెట్టు ప్యాకెట్టు కూడా తీసుకుంటారు. పాలు లేని కొట్టుకు ఆ వేళప్పుడు ఎవరూ రారు. పాల మీద రూపాయిన్నరే మిగిలినా, పాల వల్ల వచ్చిన గిరాకీ మీద మిగిలేది లెక్కలోకి రావాలి.

రొక్కం పక్షం: రావాలి. దాన్ని కూడా వేసి చూద్దాం. పాలు లేనప్పుడు ఇద్దరిలో ఒకరు మిగతా సామాను కూడా మానేస్తారని, ఆ సామాను మీద 12 రూపాయలు పోతాయని అనుకుంటే, ఒక్కో కొరతకు సగటున 6 రూపాయలు చేరి నష్టం ఏడున్నర అవుతుంది. అయినా జవాబు నూటికి 20 మాత్రమే. దాన్ని నిజంగా మార్చేది ఫ్రిజ్. మిగిలిన పాకెట్టును చల్లగా ఉంచి మర్నాడు అమ్మగలిగి, పదింట ఒకటి మాత్రమే పాడైతే, మిగులు నష్టం 30 నుంచి 3 రూపాయలకు దిగుతుంది. జవాబు ఒక్కసారిగా నూటికి 71కి ఎక్కుతుంది. గిరాకీ గురించి ఎంత గట్టిగా వాదించినా రానంత తేడా ఒక పెట్టె తెస్తుంది. ఎక్కువ సరుకు పెట్టాలనుకునే కొట్టు ముందు మిగిలిన సరుకు ఏమవుతుందో చూసుకోవాలి. డిస్ట్రిబ్యూటరు ఎక్స్‌పైరీ వెనక్కి తీసుకుంటాడా? కేసులో సగం విప్పి ఇస్తాడా? ఆర్డరు సంఖ్య ఈ జవాబుల తర్వాతే.

నిల్వ పక్షం: ధరల సంగతి ఇంతవరకూ రాలేదు. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద దిగుమతి సుంకాన్ని, సెస్సులతో కలిపి, 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. ముందు రోజు వెనక గదిలో ఇరవై నూనె డబ్బాలు ఉన్న కొట్టుకు అది లాభం. అంతకన్నా ముఖ్యం, కొన్నాళ్ళపాటు పాత ధరకు తన ఖాతాదార్లకు పోయగలిగింది. అలా పోసినవాణ్ణి వీధి మరిచిపోదు. చింతపండు, ఎండుమిర్చి, పసుపు లాంటివి కొత్త పంట దిగినప్పుడు కొని పెట్టుకోవడం ఇళ్ళలోనే ఉన్న పద్ధతి, కొట్టుకు లేకపోతే ఎలా?

రొక్కం పక్షం: ఆ నూనె మీదే 2025 మే చివర సుంకం 16.5 శాతానికి దిగింది. పెరుగుతుందని ఏప్రిల్‌లో ఇరవై డబ్బాలు దింపించుకున్నవాడి సంగతేమిటి? పన్ను కూడా ఇంతే. 2025 సెప్టెంబరు 22న, నవరాత్రులు మొదలైన రోజే, ఒంటి సబ్బులు, తల నూనె, షాంపూ, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక వంద రూపాయలయ్యే సబ్బుల పెట్టె ముందు రోజు దాకా 118, ఆ రోజు నుంచి 105. మామూలు జీఎస్టీ పద్ధతిలో ఉన్న పెద్ద దుకాణానికి పాత పన్ను క్రెడిట్ రూపంలో చేతిలో ఉంటుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న కొట్టుకు ఆ క్రెడిట్ లేదు. కంపెనీ సర్దితే సరి, లేదంటే పెట్టెకు 13 రూపాయలు కొట్టువాడి నెత్తిన పడతాయి, అతని లాభం కన్నా ఎక్కువ. పంట చేతికొచ్చినప్పుడు చింతపండు కొనడం వేరు. అది ఏటా జరిగేది, చూసి తెలుసుకున్నది. ఢిల్లీలో ఏ రోజు ఏ సుంకం మారుతుందో వీధి చివరి కొట్టు పందెం కాయలేదు.

నిల్వ పక్షం: పందెం వద్దన్నది సరే. స్కీముల మాటేమిటి? పన్నెండు కేసులకు ఒకటి ఉచితమంటే నూటికి ఎనిమిది తేలిగ్గా వచ్చినట్టే.

రొక్కం పక్షం: నెలకు నాలుగు కేసులు పోయే సరుకైతే తీసుకోవాలి. పదమూడు కేసులు మూడు నెలల పైచిలుకులో అయిపోతాయి, వడ్డీ నూటికి మూడున్నర దాటదు. నెలకు ఒక్క కేసు పోయేదైతే పదమూడు నెలలు కూర్చుంటుంది. సగటున ఆరున్నర నెలల వడ్డీ పదమూడు. ఉచితంగా వచ్చిన కేసుకు కొట్టువాడే ఎదురు కట్టినట్టు.

నిల్వ పక్షం: డెల్టాలో సరుకు గురించి మాట్లాడి నీళ్ళ గురించి మాట్లాడకపోతే లెక్క పూర్తికాదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో తుపాను హెచ్చరిక వినగానే జనం ముందు పరుగెత్తేది కొట్టుకే. బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పిల్లలకు బ్రెడ్డు. అక్కడి నాగాయలంక కొట్టుకు విజయవాడ నుంచి లారీ రావడం మామూలు రోజుల్లో మర్నాటి పని. గాలివానలో ఎన్నాళ్ళకొస్తుందో ఎవరూ చెప్పలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడి కొట్టులో పదిహేను రోజుల బియ్యం ఉండాలన్నది వ్యాపారం లెక్క ఒక్కటే కాదు. ఆ ఊరి గాదె అది. 50 కిలోల సూత్రం అక్కడ పనికిరాదు.

రొక్కం పక్షం: పనికిరాదు. నాగాయలంకకు, విజయవాడకు ఒకే లెక్క లేదన్నది పూర్తిగా ఒప్పుకోవలసిన మాట. సరుకు రావడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఆ రోజులు ఎంత నమ్మదగినవి అన్నదాని మీదే అదనపు నిల్వ ఆధారపడుతుంది. కానీ నీళ్ళు రెండు వైపులా కోస్తాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేటల మీద పడ్డప్పుడు అక్కడి కొట్లలో నిల్వ ఎంత ఎక్కువుంటే నష్టం అంత పెద్దది. నీళ్ళు తీశాక షట్టర్లు ఎత్తితే కింది అరలో బియ్యం బస్తాలు ఉబ్బి, కుట్లు తెగి, పులిసిన వాసన. సబ్బులు కరిగి అట్టపెట్టెలకు అంటుకుపోయాయి. పంచదార బస్తాలో మిగిలింది తడి గోనె. సరుకు మీద బీమా లేని కొట్టుకు అదంతా సొంత పెట్టుబడే.

నిల్వ పక్షం: అదే వారం ఆ వీధుల్లో పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్ళకు పాలు, మంచినీళ్ళు, బిస్కెట్లు డ్రోన్లతో జారవిడవాల్సి వచ్చింది. నీళ్ళు అందని ఎత్తులో సరుకున్న కొట్టు ఆ రోజు ఎంతమంది కడుపు నింపి ఉండేదో ఆలోచించాలి. జవాబు సరుకు తగ్గించడం కాదు, పైకెత్తడం. పప్పు, బియ్యం బస్తాలు నేల మీద కాక చెక్క బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా ఉండాలని పాతవాళ్ళు చెప్పింది చెమ్మ గురించి. ఇప్పుడు ఆ బల్ల ఎత్తు పెరగాలి. కింది అరలో తడిసినా తుడిచి అమ్ముకోగలిగిన ప్లాస్టిక్ బిందెలు, సీసాలు, డబ్బాలు. పై అరల్లో పంచదార, సబ్బు.

రొక్కం పక్షం: అంటే ఎంత సరుకన్న ప్రశ్న ఎంత ఎత్తులో ఎంత జాగా ఉందన్న ప్రశ్న కూడా. చిన్న కొట్టుకు పై అరలు రెండో మూడో ఉంటాయి. నిల్వకు హద్దు గీసేది ఆ అరలే. అయినా ఈ వాదంలో కనబడని సరుకు ఇంకొకటి మిగిలింది. అది ఖాతా పుస్తకంలో ఉంది.

ఊరి కొట్టులో సరుకు రెండు చోట్ల ఉంటుంది, అలమరలో కొంత, అరువు పద్దులో కొంత. నాట్ల నుంచి ధాన్యం డబ్బు చేతికొచ్చేదాకా రైతు కుటుంబం, కౌలురైతు కుటుంబం పద్దు మీదే తింటాయి. అలమర ఖాళీ అయింది కదా అని కొట్టువాడు మళ్ళీ అంత సరుకూ తెప్పిస్తే పెట్టుబడి రెండింతలవుతుంది, ఎందుకంటే పాత సరుకు డబ్బు ఇంకా పొలంలోనే ఉంది. లక్ష రూపాయల పెట్టుబడిలో అరవై వేలు పద్దులో ఉంటే, ఆర్డరు పెట్టగలిగేది నలభై వేలకే. అమ్మకం లెక్కలు మాత్రం లక్షకు పెట్టమంటాయి. అమ్ముడైందా అని కాదు, డబ్బు తిరిగొచ్చిందా అని చూసి ఆర్డరు రాయాలి.

నిల్వ పక్షం: ఈ మాట ఇంతవరకూ చెప్పినవాటిలో అన్నిటికన్నా బరువైనది, దీనికి సూటి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. పద్దు మీద ఇవ్వడమే ఆ కొట్టుకున్న బలం. పెద్ద మాల్ పద్దు రాయదు. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్ పంట చేతికొచ్చేదాకా ఆగదు. పద్దుకు భయపడి సరుకు తగ్గిస్తే, ఆ కుటుంబం రేపు ధాన్యం డబ్బు వచ్చిన రోజున కూడా ఈ కొట్టుకు రాదు.

రొక్కం పక్షం: అందుకే పద్దు మీద కదిలే సరుకు వేరు, రొక్కానికి కదిలేది వేరు అని రెండు జాబితాలు ఉండాలి. బియ్యం, పప్పు, నూనె పద్దుకు సరే. అవి లేకపోతే ఇల్లు గడవదు, వాటి కోసం అరువు తీసుకున్నవాడు తీర్చడానికీ గట్టిగా చూస్తాడు. షాంపూ సీసాలు, కూల్‌డ్రింకులు పద్దులోకి ఎక్కాయంటే ఆర్డరులో కోత పెట్టాల్సింది వాటికే.

నిల్వ పక్షం: జాబితాలు సరే. సంక్రాంతి ఆర్డరు ఎప్పుడు రాయాలన్నదే తేలడం లేదు. అరిసెల బెల్లం, నువ్వులు, నూనె డిసెంబరు రెండో వారానికల్లా చెప్పి పెట్టకపోతే, జనవరి మొదట్లో రేటు పెరుగుతుంది, మేలురకం అనకాపల్లి దిమ్మలు అప్పటికే వేరే కొట్లలో ఉంటాయి. భోగికి నాలుగు రోజుల ముందు పాకం పట్టడానికి బెల్లం అడిగినవాళ్ళకు రెండో రకం చూపిస్తే, నల్లగా ఉందని చేత్తో కూడా ముట్టుకోకుండా తిరిగిపోతారు.

రొక్కం పక్షం: డిసెంబరు రెండో వారానికి ధాన్యం లెక్క తేలదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోసిన వరి పనల మీదే ఉంది. అలాంటి ఏడాది పోయినసారి అంత బెల్లం దింపినవాడికి సంక్రాంతి దాటాక దిమ్మలూ మిగులుతాయి, పద్దూ మిగులుతుంది. రెండు బస్తాలు ముందు చెప్పి, మూడోది ఖాతా పుస్తకంలోని పేర్లు ఒక్కొక్కటే చూసి, ఎవరి పనలు తడిశాయో, ఎవరి ధాన్యం కాటాకు వెళ్ళిందో కనుక్కున్నాకే చెప్పాలి.

నిల్వ పక్షం: మూడో బస్తాకు ఆ రోజు రేటు ఎక్కువ పడుతుంది.

రొక్కం పక్షం: పడుతుంది. ఆ తేడా ఎంతో ముందే అడిగి, మూడో బస్తా వడ్డీ పక్కన రాసుకుని, రెంటినీ పోల్చి చూసుకోవాలి.

నిల్వ పక్షం: పేర్లు కనుక్కునే లోపల ఆ బస్తా వేరే ఊరి ఆటో ఎక్కితే, భోగి ముందు రోజు ఏ రేటుకూ దొరకదు.